ఉడతల పెట్టె

పొగమంచు గొంతులో గరగరలాడుతోంది. పెరట్లో నేల చల్లగా, తడిగా, మసివాసనతో.

పెరడంటే ఎంతని. ఢిల్లీ ద్వారకలో కింది అంతస్తు ఇల్లు, వెనకాల నాలుగడుగుల జాగా, ఒక గోడ. గోడ అవతల మొన్నటిదాకా వేపచెట్టు ఉండేది. కార్లు పెట్టుకోవడానికి సొసైటీవాళ్లు కొట్టేశారు.

చెట్టు పోయింది... ఉడతలు పోలేదు.

గోడ మీద పరుగెత్తుకొచ్చేవి. చెట్టు ఉన్నచోట ఆగేవి. వెనక్కి తిరిగేవి.

మళ్లీ వచ్చేవి. మళ్లీ ఆగేవి.

కస్తూరి చూడలేకపోయింది.

పాత చెప్పుల స్టాండు విప్పింది. పలకలు కోసింది. మేకులు కొడుతూ బొటనవేలు చితక్కొట్టుకుంది. ఉడత దూరేంత కన్నం — పిల్లి పంజా పట్టనంత. పైన తీసి పెట్టుకునే మూత. లోపల కొబ్బరి పీచు, చిరిగిన స్వెట్టర్ ఉన్ని. గోడకు బిగించి, వంటింటి కిటికీ వెనక నిలబడింది.

"ఉడతలకి టూ బీహెచ్‌కేనా?" అని నవ్వుతూ గురుగ్రామ్ ఆఫీసుకు వెళ్లిపోయాడు ఆమె భర్త రఘువీర్.

కొన్నాళ్లకు ఒకటి వచ్చింది. ముందు ముక్కు. తర్వాత మీసాలు. తర్వాత ఒక్క ఉదుటున — తోకతో సహా లోపలికి.

కస్తూరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ తర్వాతే కారు మొరాయించింది. వైర్లు కొరికేశాయి, ఎలుకలో ఉడతలో అన్నాడు మెకానిక్. రఘువీర్ బిల్లు కట్టాడు.

ఆదివారం పొద్దున అరుపు. సన్నగా, ఆగకుండా, సూదిలా.

పెరట్లోకి పరుగెత్తింది. మూత ఎత్తింది.

తియ్యటి వాసన... వేరుశనగపప్పు వాసన. ఎలుకల కోసం అమ్మే జిగురు అట్ట. దాని మీద ఉడత. పక్కకి పడి, పొట్ట అంటుకుని, రెండు కాళ్లు అంటుకుని, ఒక కన్ను సగం జిగురులో. గింజుకున్నకొద్దీ చర్మం సాగుతోంది. చుట్టూ ఊడిన బొచ్చు. దాని ఉచ్చలో అదే తడుస్తోంది.

కస్తూరికి నోట్లోకి పుల్లటి నీళ్లు వచ్చాయి.

ఆవనూనె తెచ్చింది. చుక్క చుక్కగా వేసింది. వేలితో రాసింది. ఒక కాలు. ఇంకో కాలు. అది ఆమె వేలిని కొరికింది. కొరకనిచ్చింది.

ఊడి వచ్చింది — సగం బొచ్చు అట్టకే వదిలేసి, ఎర్రటి ఒంటితో. గోడ ఎక్కింది. పడింది. మళ్లీ ఎక్కింది.

ఇక కనిపించలేదు.

లోపల రఘువీర్ దోసె తింటున్నాడు.

"పెట్టెలో అట్ట నువ్వు పెట్టావా?"

"కారు వైర్లు చూశావుగా. మళ్లీ కొరికితే?"

"పెట్టెలోనా, రఘూ?"

"అవి వచ్చేది అక్కడికేగా."

మామూలుగా అన్నాడు. ఉప్పు ఇటివ్వు అన్నట్టు.

పచ్చడి అద్దుకుంటున్న అతని వేళ్లు చూసింది. ఆ వేళ్లే మూత ఎత్తాయి. పీచు పక్కకి తీశాయి. అట్ట పరిచాయి. పీచు మళ్లీ పైన కప్పాయి... నెమ్మదిగా. జాగ్రత్తగా. ఆమె పేర్చినట్టే.

అట్ట మీంచి తిప్పుకోని చూపు ఆ వేళ్ల మీంచి తిప్పుకుంది.

స్నానాలగదిలో చేతులు తోముకుంది. సబ్బు, నిమ్మచెక్క, మళ్లీ సబ్బు. జిగురు పోయింది. జిడ్డు పోయింది.

అసహ్యం పోలేదు.

ఆ సాయంత్రమే పెట్టెను సుత్తితో పగలగొట్టింది.

మూడు రోజులు ఆమె వేరే గదిలో పడుకుంది. నాలుగోరోజు పార్సిల్ వచ్చింది. దేవదారు చెక్క, నున్నటి అంచులు, చిన్న వరండా కూడా.

"సారీ, కస్తూరీ. అంత ఆలోచించలేదు. ఇది బాగుంది కదా? రివ్యూలన్నీ చదివే కొన్నాను."

తనే గోడకు బిగించాడు. కొబ్బరి పీచు తనే నింపాడు. ఆ వేళ్లతోనే.

ఉడతలకేం తెలుసు. వచ్చాయి.

"కస్తూరీ, త్వరగా రా! లోపలికెళ్లింది!"

పిల్లాడిలా పిలిచాడు. అతని సంతోషం నిజమే. ఆమెకు మింగుడుపడనిది అదే.

ఇప్పుడు రోజూ, ఉడతలు బయటికి పోయాక, ఆమె పెట్టె దగ్గరికి వెళుతుంది. మూత ఎత్తుతుంది. పీచు కిందికి వేళ్లు జరుపుతుంది — మెల్లగా, మూలమూలకీ...

ఏమీ అంటుకోదు.

అయినా చేతులు కడుక్కున్నాకే లోపలికి వస్తుంది.