ఎక్కలేకపోతున్నాను

కారన్నాక ఎక్కుతాం, దిగుతాం. బుద్ధెరిగిన ప్రతివాడూ అలాగే అంటాడు. అద్దాలాయన కారుకు మాత్రం ఆ మాటలు కుదరవు. దాని కప్పు నిలబడ్డ మనిషి నడుం దాటదు. సీటు చూస్తే నేల మీద చాప పరిచినంత ఎత్తు. తలుపు తీసి, ఒళ్ళు మడిచి, ఒక కాలు ముందు లోపలికి పంపి, బావిలోకి దిగినట్టు దిగాలి. బయటపడాలంటే మళ్ళీ పైకి ఎక్కాలి. అందుకే ఆ ఊళ్ళో ఆ రకం కార్లున్న గుప్పెడు మంది వాడుకలో మాట తిరగబడింది. ‘దిగాడా?’ అంటే కారులో కూర్చున్నాడా అని. ‘ఎక్కాడా?’ అంటే బయటికొచ్చాడా అని. మొదట్లో వేళాకోళానికి అన్నారు. అంటూ అంటూ నాలుకలు అలవాటుపడిపోయాయి. ఇంట్లోవాళ్ళు విని, వీళ్ళకు ఉన్న మతి కూడా పోయిందని నెత్తి కొట్టుకునేవాళ్ళు.

ఆ కారుకు ఇంజను ముందుండదు, వెనక డిక్కీలోనూ ఉండదు. నడిమధ్యన, సరిగ్గా సీట్ల వెనక, వీపుకు ఆనుకుని ఉంటుంది. పెట్రోలు బంకులో ఎవడో ఒకడు సరదాపడి ముందు మూత ఎత్తి చూసి, “సార్, మీ ఇంజను ఎవడో కొట్టేశాడు!” అని కంగారుపడేవాడు. సుఖం మాటకొస్తే చెప్పుకోడానికేం లేదు. వానొస్తే నీళ్ళు ఒళ్ళోకి కారతాయి. ఎండొస్తే వీపు ఉడికిపోతుంది. చేతిసంచి పెట్టుకోడానికి చోటుండదు. అయినా ఆ బండి మలుపు తిరిగేటప్పుడు రోడ్డు నడుం కింద పాకినట్టుంటుంది, ఇంజను చెవి పక్కనే ఊపిరి తీస్తున్నట్టుంటుంది. దానికోసం ఆ గుప్పెడు మందీ మిగతావన్నీ ఓర్చుకునేవాళ్ళు.

అద్దాలాయనది కళ్ళజోళ్ళ దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పక్క సందులోకి తెరుచుకునే షెడ్డు. జనం ముక్కుల మీద కూర్చునే అద్దాలను అరగదీసి అరగదీసి ఆయన వేళ్ళ కొసలు నున్నబడ్డాయి. భార్య ఉన్న రోజుల్లో పక్క సీటు ఆవిడది. ఇంజనును ఆవిడ ‘మూడో మనిషి’ అనేది. “మీ మూడో మనిషి ఇవాళ గొణుగుతున్నాడు, చూడండి,” అనేది. ఆవిడ చెప్పిందంటే ఎక్కడో ఒక మర వదులయ్యే ఉండేది. ఆవిడ పోయాక మూడో మనిషే రెండో మనిషయ్యాడు. దుకాణంలో బేరాల మాటలు తప్పితే ఆయనతో నోరు విప్పి మాట్లాడేవాడు వాడొక్కడే.

వాడు కాక, నెలకో ఆదివారం. మూతపడ్డ నూలుమిల్లు ముందు విశాలమైన సిమెంటు గచ్చు ఉంది. ఆ గుప్పెడు మందీ పొద్దున్నే అక్కడ చేరి, ఇంజను మూతలెత్తుకుని, ఒకరి బండిలోకి ఒకరు తలలు దూర్చి పొద్దుపుచ్చేవాళ్ళు. అందులో పళ్ళ డాక్టరమ్మ ఉంది. చేతిలో పనిముట్టు పడితే చాలు, రోగి చేత నోరు తెరిపిస్తున్నట్టే ఇంజనుతో మాట్లాడేది. బస్సు డ్రైవరున్నాడు. “వారమంతా జనం నెత్తిమీద కూర్చుంటా, ఆదివారం వాళ్ళ మోకాళ్ళ కింద పాకుతా. లెక్క సరిపోయింది,” అనేవాడు.

వాళ్ళకో కట్టుబాటు ఉంది. కారులోంచి ఎక్కడానికి చెయ్యి అందుకున్నవాడు, అదే చేతిలో తాళం పెట్టాలి. బండి గుంపులోనే ఇంకొకరికి పోతుంది. వినడానికి కటువుగా ఉన్నా, అర్థం లేకపోలేదు. ఆ బండ్లు తిరిగితేనే బతుకుతాయి, షెడ్డులో పెడితే ముద్దు చేస్తూనే చంపుకున్నట్టు. ఆ మాట ఒక్కసారే అమలైంది, డ్రాయింగు మాస్టారి మీద. తాళమిచ్చిన తర్వాత కూడా ఆయన ఒకటి రెండు నెలలు ఆటోలో వచ్చాడు. టీ గ్లాసు పట్టుకుని, ఎవరి బండి పక్కన నిలబడాలో తెలియక అటూ ఇటూ తిరిగాడు. ఆ తర్వాత రాలేదు. “మాస్టారు ఎలా ఉన్నారో,” అని కొన్నాళ్ళు అనుకున్నారు. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశారు.

అద్దాలాయనకు ఎడమ మోకాలు పట్టెయ్యడం మొదలైనప్పుడు మొదట గుర్తొచ్చింది, చేతిలో ఆ టీ గ్లాసుతో తిరుగుతున్న మాస్టారే.

అందుకని ఓ ఉపాయం చేశాడు. అందరికంటే ముందే మిల్లు దగ్గరికి చేరేవాడు. ఎవరూ చూడకుండా, తలుపు పట్టుకుని, గచ్చు మీద అరచేతులాన్చి, పిల్లి కుండలోంచి తల లాక్కున్నట్టు తంటాలుపడి ఎక్కేవాడు. అందరూ వెళ్ళిపోయాక దిగేవాడు. ఈ రహస్యం తెలియని జనం, “అబ్బ, ఏం నిష్ఠండీ! అందరికంటే ముందొస్తారు, ఆఖర్న వెళ్తారు,” అని మురిసిపోయి ఆయన్ని ప్రెసిడెంటును చేశారు. “వద్దమ్మా, నాకెందుకు,” అని ఆయన నిజంగానే మొత్తుకున్నాడు. అది వినయమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ ఆదివారం పొద్దున షెడ్డు షట్టరు పైకి లేపి, ఆయన కారులో దిగాడు. ఇంజను కాసేపు వేడెక్కనిచ్చాడు. శబ్దం బాగానే ఉంది. క్లచ్చు తొక్కబోయాడు. మోకాలు తాళం పడ్డట్టు బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. ఇంజను ఆపేశాడు. తలుపు తెరిచి, గుమ్మం మీద చెయ్యి ఆన్చి లేవబోయాడు. సగం దాకా లేచిన ఒళ్ళు మళ్ళీ సీట్లోకి జారింది. కళ్ళ ముందు చుక్కలు కనపడ్డాయి.

‘కాసేపాగితే అదే వదుల్తుంది,’ అనుకున్నాడు.

అంత కిందనుంచి చూస్తే సందులో మనుషులకు ముఖాలుండవు. దుకాణంలో అద్దాలు చూసి మనిషి పేరు చెప్పగల ఆయనకు, ఇక్కడ అన్నీ చెప్పులే, పంచె అంచులే. ఒక కుక్క వచ్చి, ఆయనతో సమానమైన ఎత్తులో నిలబడి, కళ్ళలో కళ్ళు పెట్టి చూసి, ‘నీ ఖర్మ’ అన్నట్టు వెళ్ళిపోయింది. ఆ వెనకే ఇస్త్రీ బండి అతను బట్టల మూటతో పోతూ వంగి చూశాడు.

“ఏం సార్, పొద్దున్నే బండితో కబుర్లా?”

ఒక్క మాట చాలు. ‘కాస్త చెయ్యి ఇవ్వు బాబూ’ అంటే, ఆ ఇస్త్రీ చేతులు ఆయన్ని చొక్కాను తీగ మీంచి లాగినట్టు లాగి నిలబెట్టేవి. మిల్లు దగ్గర ఎవరికీ తెలిసేది కాదు. కానీ అడగడం ఆయనకు అలవాటు లేదు. నవ్వి, చెయ్యి ఊపాడు.

“మీ సుఖమే సుఖం సార్!” అని అతను వెళ్ళిపోయాడు. ఆదివారం కదా, సందులో తర్వాత అడుగు పడలేదు.

ఇంజను చల్లబడుతూ వెనకాల టిక్కు టిక్కుమంటోంది. కాసేపటికి అదీ ఆగింది. మోకాలు మాత్రం వదల్లేదు. అద్దాలాయన ఫోను తీసి చెల్లెలికి చేశాడు. అదే ఊళ్ళో అటు చివర ఉంటుంది, ఇంటి తాళం ఒకటి ఆమె దగ్గర కూడా ఉంది.

“అమ్మా, ఎక్కలేకపోతున్నానే.”

“ఏంటీ? ఏమన్నావన్నయ్యా?”

“కారు... ఎక్కలేకపోతున్నాను. కాలు పట్టేసింది.”

అవతల చెల్లెలి గొంతు పొంగుకొచ్చింది.

“హమ్మయ్య! ఇన్నాళ్ళకు నీ నోట ఆ మాట విన్నాను. ఎక్కకు. అసలెక్కకు! ఆ చెప్పులాంటి బండిలో నువ్వు రోడ్డు మీద పోతుంటే లారీ వాళ్ళకు కనపడతావో లేదో అని నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతున్నా. వదిన ఉన్నన్నాళ్ళూ ఆవిడ మీద భారం వేసి ఊరుకున్నా. ఇంక హాయిగా మంచం మీద పడుకో.”

“అది కాదే తల్లీ...”

“ఏం కాదు, ఏం చెప్పకు. మనసు మార్చుకుంటావు మళ్ళీ. సాయంత్రం వచ్చి కాలికి కాపడం పెడతాగా.” ఆమె ముక్కు చీదింది. “నిజంగా ఎంత భారం దిగిందో తెలుసా నాకు?”

ఆ సంతోషంలోకి ‘నేను కారులోనే ఉన్నాను’ అన్న మాట ఎలా తోయాలో ఆయనకు తెలియలేదు.

“సరేనమ్మా,” అన్నాడు. ఫోను పెట్టేశాక నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళజోడు తడిసింది. తుడుచుకోడానికి పక్కన చూస్తే ఖాళీ సీటు, దాని మీద సన్నగా దుమ్ము.

ఎండ షట్టరు కిందనుంచి లోపలికి వచ్చి ముందు చక్రాన్ని అందుకునే వేళకు ఫోను మోగింది. డాక్టరమ్మ.

“ఏంటి ప్రెసిడెంటు గారూ, సూర్యుడు పడమట పొడిచాడా? మేమంతా వచ్చేశాం, మీరు లేరు! గచ్చు బోసిపోయింది.”

అద్దాలాయన గొంతు సర్దుకున్నాడు. అబద్ధం సిద్ధంగా ఉంది. ఒంట్లో బాగాలేదు, మంచం మీదున్నాను, బండి తీసే ఓపిక లేదు. అంతే. వచ్చే నెలకు కాలు సర్దుకుంటుంది. సాయంత్రం చెల్లెలొచ్చి ఎలాగూ లాగుతుంది. గుంపులో ఎవరికీ తెలియదు.

“ఒంట్లో నలతగా ఉందమ్మా,” అన్నాడు. “ఇవాళ ఇంక కారు ఎక్కలేను.”

ఊళ్ళో మామూలు మనుషులంతా వాడే మాటే వాడాడు. ఇంత జాగ్రత్తగా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ అవతల నవ్వు టక్కున ఆగిపోయింది. వెనక ఎవరో ఇంజను రేపుతుంటే, “ఆపండి,” అని ఆమె గదమడం వినిపించింది.

“ఎంతసేపటినుంచి?” అంది.

అప్పుడు తెలిసింది ఆయనకు, తను ఏమన్నాడో.

“అదికాదమ్మా, నేననేది...”

“షెడ్డులోనేనా?”

ఆయన పక్క సీటు మీద దుమ్మును వేలితో తుడిచాడు.

“వస్తున్నాం,” అంది ఆమె.

సొంత చెల్లెలికి నిజం చెబితే అబద్ధంగా చేరింది. ఈమెకు అబద్ధం చెబితే నిజంగా చేరింది. తన మాట తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఆ గచ్చు మీదే ఉన్నారు. వాళ్ళను పోగొట్టుకోకూడదనే ఇన్నాళ్ళూ అంత గుట్టుగా నెట్టుకొచ్చాడు.

డాక్టరమ్మ ఇంటి దగ్గర చిన్న బండి వదిలి, తన పెద్ద కారులో వచ్చింది, ఆసుపత్రికి వెళ్ళే ఎత్తైన బండి. పక్కన బస్సు డ్రైవరు. ఇద్దరూ షెడ్డు ముందు ఒక్క క్షణం నిలబడ్డారు. డ్రైవరు ముందుకొచ్చి, వంగి, చెయ్యి చాపాడు. స్టీరింగు పట్టీపట్టీ కాయలు కాసిన వెడల్పాటి అరచెయ్యి. అద్దాలాయన దాన్ని కాసేపు చూశాడు. తర్వాత పట్టుకున్నాడు.

“నెమ్మది, బాబాయ్. తొందరేం లేదు. నా బస్సులో ఇంతకంటే ముసలాళ్ళు పరిగెత్తి ఎక్కుతారు,” అన్నాడు డ్రైవరు, నవ్వించబోయి.

నిలబడ్డాక అద్దాలాయనకు షెడ్డు కొత్తగా కనిపించింది. ఎవరూ కట్టుబాటు మాట ఎత్తలేదు. డాక్టరమ్మ ఆయన మోకాలి కేసి చూస్తోంది, డ్రైవరు గోడ కేసి చూస్తున్నాడు. ఆయనే కారులోకి వంగి తాళం తీసి, డ్రైవరు చేతిలో పెట్టాడు.

“బాబాయ్, ఎందుకిప్పుడు...”

“ప్రెసిడెంటు మీరే కదా,” అంది డాక్టరమ్మ. “రూలు మార్చెయ్యండి. ఎవడు అడుగుతాడో నేనూ చూస్తా.”

“మారిస్తే డ్రాయింగు మాస్టారికి ఏమని చెబుతామమ్మా?”

మాస్టారు ఇప్పుడెక్కడున్నాడో ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

“సరే,” అన్నాడు డ్రైవరు తాళం గుప్పిట మూసి. “మిల్లు దాకా నేను తీసుకొస్తా. మీరు మేడమ్ బండిలో రండి. అందరూ చూస్తున్నారు మీకోసం.”

డాక్టరమ్మ కారులో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. కాలు చాపుకోడానికి బోలెడు చోటు. ముందు చిన్న కారు సందు దాటి పెద్దరోడ్డు మీదికి తిరిగింది. ఇన్నేళ్ళలో అది రోడ్డు మీద పరిగెత్తడం ఆయన బయటనుంచి ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ లోపలే ఉన్నాడు మరి. లోపల వీపును ఊపేసే శబ్దం, బయటికి ఇంత సన్నగా వినిపిస్తుందని ఆయనకు తెలియదు.

కూడలిలో రెండు బండ్లూ పక్కపక్కన ఆగాయి. అద్దంలోంచి కిందికి చూశాడు. చిన్న కప్పు, కప్పు కింద స్టీరింగు మీద రెండు చేతులు, పక్కన ఖాళీ సీటు. బస్సుల్లో పోయేవాళ్ళు ఇన్నాళ్ళూ తనను చూసింది ఇలాగే. ఆ చూపులను ఆయన మెచ్చుకోలు అనుకునేవాడు. పై నుంచి చూస్తే అందులో ఉన్న మనిషి ఎంత చిన్నగా, ఎంత ఒంటరిగా ఉన్నాడో వాళ్ళకు ముందే తెలుసన్నమాట.

పచ్చ దీపం పడింది. చిన్న కారు రెండు లారీల మధ్యనుంచి జారి ముందుకు వెళ్ళిపోయింది. దుమ్ము లేచిందని డాక్టరమ్మ అద్దాలు పైకెత్తింది.

“కాస్త అద్దం దించమ్మా,” అన్నాడు అద్దాలాయన.

ఆమె వెంటనే దించింది. ఆయన చెవి బయటికి పెట్టి విన్నాడు. లారీల చప్పుడే గానీ, ఇంకేమీ లేదు.