చప్పుడు చేయని నాన్న

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు కట్టిపెట్టండి. ఏమోయ్ బావా, ఆ కుర్చీ కిర్రుమనిపించకు! ఇది చప్పుడు చేయని మనిషి కథ. వినేవాళ్ళు కూడా కాస్త సాయం పట్టాలి.

మా వీధిలో బేకరీలో పనిచేసే ఒకాయన ఉండేవాడు. మధ్యాహ్నం పిండి కలపడానికి వెళితే మళ్ళీ తెల్లవారుజామునే రాక. కూతురి నిద్ర చెడుతుందని చెప్పులు వీధి చివరే విప్పి చంకలో పెట్టుకునేవాడు. ఆయన తలుపు తీస్తే ఆ సంగతి తలుపుకే తెలిసేది కాదు. గొంతులో గరగర వస్తే మళ్ళీ వీధి చివరిదాకా వెళ్ళి దగ్గి వచ్చేవాడు. మా వీధి పిల్లులన్నీ ఆయన దగ్గరే నడక నేర్చుకున్నాయంటే నమ్మండి.

అలా వచ్చి, మంచం పక్కన నిలబడి కూతురి ముఖం చూసుకునేవాడు. అంతే. ఆయన లేచేసరికి పిల్ల బడిలో. పిల్ల వచ్చేసరికి ఆయన బేకరీలో. ఒకే ఇంట్లో ఉంటూ వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో.

అసలు సంగతేమిటంటే, ఆ పిల్ల నిద్రే పోవడం లేదు. నాన్న రాక చప్పుడుతో తెలియదు కదా! అందుకే బ్రెడ్డు వాసన కోసం ముక్కు ఎగబీలుస్తూ ఎదురుచూసేది. వాసన రాగానే కళ్ళు మూసేసుకునేది.

పోనుపోను పిల్ల మారిపోయింది. పెన్సిల్ ముల్లు విరిగితే ఏడుపు. స్నేహితురాలు పలకరిస్తే విసురు. పలకరించకపోతే, నేనెవరికీ అక్కర్లేదని దిగులు. ఇక ఆవులిస్తే, ఆ గాలికి గోడ మీద మ్యాపు ఎగిరి పక్క క్లాసులో పడేది!

టీచరమ్మ కబురు పెట్టింది. నాన్న పిండి చొక్కాతోనే పరుగెత్తుకొచ్చి వరండా బెంచీ మీద కూతురి పక్కన కూలబడ్డాడు. పిల్ల ఆయన్ని తేరిపార చూసింది.

"నాన్నా, నీ మీసం ఎప్పుడు తెల్లబడింది?"

"పిండమ్మా అది." తుడిచి చూపించాడు. కొంచెం తెలుపు మిగిలిపోయింది.

"ఇదీ పిండేనా?"

"అది... కాదులే."

"రాత్రుళ్ళు సరిగ్గా పడుకుంటోందా అండీ?" అని అడిగింది టీచరమ్మ.

"మొద్దునిద్రండీ దీనిది! రోజూ నేనే చూస్తాగా."

"పడుకోను నాన్నా. నటిస్తా."

"ఎందుకే తల్లీ?"

"నేను పడుకుంటే నువ్వసలు రానట్టే ఉంటుంది. పొద్దున్నేమో ముసుగు తన్ని పడుకుంటావు. దుప్పటితో ఏం మాట్లాడను?"

"మరి నేను రాగానే పలకరించొచ్చుగా?"

"చెప్పులు చంకలో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడతావు. ఓ కన్ను కొంచెం తెరిచి చూస్తా. అంత కష్టపడి వచ్చావు కదా, చెడగొట్టబుద్ధి కాలేదు."



"ఎదిగే పిల్లలకి నిద్ర చాలకపోతే మనసు నలిగిపోతుందండీ. ఆ కోపం, ఆ దిగులు, చాలావరకు దానివల్లే" అంది టీచరమ్మ మెల్లగా.

"రేపట్నుంచి బడి వదిలేసరికి గేటు దగ్గరుంటానమ్మా. ఇంటిదాకా కబుర్లాడుకుంటూ పోదాం. ఆ తర్వాతే పని" అన్నాడాయన కూతురితో.

"మీ ఓనరు తిట్టడా?"

"తిట్టనీ. పిండి కాసేపు ఆగుతుంది. నువ్వు మాత్రం రాత్రి పడుకోవాలి మరి."

"రోజూ వస్తావా?"

"రోజూ."

పిల్ల ఆయన భుజానికి తల ఆనించింది. "అయితే విను నాన్నా, మొన్నేమయిందంటే..." అంటూనే నిద్రలోకి జారిపోయింది.

మొన్నేమయిందో వినాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. కానీ కదల్లేదు. ఇన్నాళ్ళూ పిల్ల ఆపుకున్న నిద్రంతా ఒక్కసారి వచ్చిపడేసరికి, గంట కొట్టడానికి వచ్చిన ప్యూను కూడా గంటను కౌగిలించుకుని గుర్రుపెట్టాడు!

అదే వరండాలో నిచ్చెన మీద ఫ్యాను బాగుచేస్తున్నవాడు ఇదంతా చూసి, నిద్ర మహిమంతా ఆ పిండిదే అనుకుని, గొంతు తగ్గించి బతిమాలాడు: "అన్నా, ఆ చొక్కా దులిపి కాస్త పిండి పొట్లం కట్టివ్వవా? మా గోడగడియారం, పాపం, రాత్రంతా మేలుకునే ఉంటోంది."