మూడు మీటర్ల కింద అంతా బండే

మా ఆఫీసులో భూమి లోతు మూడు మీటర్లే. ఉత్తర ధ్రువం వైపు గడ్డకట్టిన నేలలో కార్బన్ ఎంత దాగి ఉందో లెక్కగట్టే మోడల్‌ను పెద్దసారు కుర్రతనంలో రాశారు. అంతకన్నా లోతుకు వెళ్తే అప్పటి కంప్యూటర్ మొరాయించేదట. అందుకని ఆ కింద అంతా బండరాయేనని రాసిపడేశారు. కంప్యూటర్లు మారాయి గానీ బండ కదల్లేదు. దానిమీదే ఆయన పేరూ పదవీ నిలబడ్డాయి మరి.

మొన్న, మా ఆఫీసులోనే పనిచేసే మా అక్క ఆ మంచునేలలో ఏడు మీటర్లు తవ్వి, గడ్డకట్టిన నల్లమట్టిని తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది.

"అంత లోతున మట్టి ఉండదమ్మా," అన్నారు పెద్దసారు.

"తవ్వింది నేనే సార్."

"అయితే తప్పుగా తవ్వుంటావు. నా మోడల్ ఇన్నేళ్లుగా ఒకే మాట మీదుంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, తెరమీద గీతలు చూపిస్తూ గంటసేపు వాయించారు. ఈలోగా మట్టి కరిగి బల్లంతా పారింది. అందులో ఏనాటి ఆకులో వేళ్లో, గది నిండా కుళ్లు కంపు లేచింది.

పెద్దసారు ముక్కు మూసుకుని, మూలన కూర్చున్న నావైపు తిరిగారు. "ముందా కిటికీ తియ్యమ్మా!"

నేను లేవబోతే అక్క చెయ్యిపట్టి ఆపింది.

"ఎందుకు సార్? బండరాయి కంపు కొట్టదుగా!"