మడిచి కొలిచిన ఊరు

ఇలా దగ్గరికి జరుగమ్మా, అంత దూరాన కూర్చుంటే సగం మాటలు వీధిలోకే పోతాయి. ఒక దర్జీ, అతని బామ్మర్ది కలిసి సైకిళ్ళ మీద మహానగరం చుట్టూ తిరిగి రావాలనుకున్న కథ ఇది. నవ్వొచ్చిన చోట నవ్వేసెయ్. తరవాత ఎలాగూ రాదు.

బామ్మర్ది సిమెంటు గోదాములో బస్తాలు మోసేవాడు. ఎప్పుడూ ఎడమ భుజం మీదే మోసి మోసి ఆ భుజం కిందికి కుంగిపోయింది. దర్జీలు గుడ్డని మధ్యకి మడిచి, సగానికే గీతలు గీసి, రెండు పొరలూ ఒకేసారి కత్తిరిస్తారు కదా. ఒక పక్క ఎలా ఉంటే రెండో పక్కా అలాగే వస్తుంది. ఈ బామ్మర్ది చొక్కాకి మాత్రం దర్జీ మడత వేసేవాడు కాదు. గుడ్డ పరిచి, కుడిపక్క వేరుగా, ఎడమపక్క వేరుగా కొలిచేవాడు.

"నీకోసం హ్యాంగరు కూడా వంకరగా చేయించాలిరా," అనేవాడు.

"చేయించు బావా. మా అక్కనిచ్చేటప్పుడు నీ బుద్ధి వంకరని తెలిసీ మేమేమైనా అన్నామా?"

పక్కన కూర్చుని గుండీలు కుట్టే అక్క, పళ్ళ మధ్య దారం వదలకుండానే నవ్వేది.

భుజంతో పోలేదు పాపం. ధూళి ఊపిరితిత్తుల్లో చేరింది. పని మానిపించారు. పొద్దువాలేసరికి ముక్కూ నోరూ కప్పే తొడుగు పెట్టుకుని, మందు ఆవిరి వదిలే మిషను ముందు కూర్చోవాలి. ఆలస్యమైతే ఛాతీలో పిల్లికూతలు, ఆపైన ఊపిరి అందదు. మెల్లగా సైకిలు తొక్కితే మంచిదేనన్నాడు డాక్టరు. ఆయన అన్నది పార్కు చుట్టూ. వీడు విన్నది ఊరి చుట్టూ.

"ఇన్నేళ్ళు మోశాను బావా. అదంతా ఎక్కడికెళ్ళి ఏమైందో ఒక్కసారి చూడాలి. లోపల ఊరు కాదు, కొత్తగా కట్టిన అంచంతా."

అక్క ససేమిరా అంది. తమ్ముడు మొండికేశాడు. చివరికి ఆమె మొగుడి వైపు తిరిగింది. "పొద్దువాలేలోపు మిషను ముందుండాలి. మీరు మాటిస్తే పంపుతాను."

"నీ తమ్ముణ్ణి పొద్దుండగానే గుమ్మంలో నిలబెడతాను," అన్నాడు దర్జీ.

ఆ సాయంత్రమే దుప్పటంత పటం కొనుక్కొచ్చి కత్తిరింపు బల్ల మీద పరిచాడు. ఊరి మధ్యనుంచి నది, చొక్కాకి గుండీల పట్టీలా నిలువునా దిగింది. కింద వీళ్ళ ఇంటి దగ్గరొక వంతెన, పైన ఊరి చివర ఇంకొకటి. "ఊరి నడుము కొలత తీద్దాం పదరా," అన్నాడు బామ్మర్దితో. నవ్వుతూనే నది దగ్గర పటాన్ని మడిచాడు. చెయ్యి దానంతటదే మడిచిందమ్మా, ఏళ్ళ అలవాటు. పైకి కనిపించే సగంలో ఊరి చుట్టూ తిరిగే రోడ్డు వెంబడి దారం పరిచాడు, కొలిచాడు, రెట్టింపు చేశాడు. ఎక్కడ నీళ్ళు తాగాలి, ఎక్కడ ఎండ దాటేదాకా ఆగాలి, అన్నీ ఆ లెక్కనే వేశాడు.

తెల్లారుతూనే బయల్దేరారు. మొదటి సగం పండగలా సాగింది. మేడ కనిపిస్తే చాలు బామ్మర్ది సైకిలాపి గోడ తట్టేవాడు. "ఇది నా భుజమే బావా! అదిగో ఆ పిట్టగోడ కూడా!"

"అయితే అద్దె వసూలు చేసుకో, పో."

మిట్టమధ్యాహ్నం కాకముందే పై వంతెన చేరారు. బామ్మర్ది మొహం వాడిపోయింది. అక్కణ్ణుంచి ఊళ్ళోంచి నేరుగా ఇంటికి పోయే దారుంది. దర్జీ అడిగాడు కూడా, "ఇటు దిగిపోదామా?"

"మిగిలిందెంత?"

"వచ్చినంతే."

"వచ్చినంతేనా! అయితే పద. సగం కుట్టిన చొక్కా ఎవడైనా తొడుక్కుంటాడా?"

వంతెన దాటారు. ఆ పక్కన పెద్ద చెరువు. రోడ్డు దాని చుట్టూ లోపలికి పోయి, మళ్ళీ బయటికొచ్చి, కుచ్చిళ్ళ లంగా అంచులా మెలికలు తిరిగింది. చెరువు దాటితే రాళ్ళ క్వారీ, అడ్డంగా కంచె, ఇంకా చుట్టు. ఎదురుగా వచ్చే లారీలు తెల్లటి పొడి లేపుతున్నాయి. దర్జీకి అప్పుడు తట్టింది. మడత కింద ఉన్నది తను చూడనే లేదు.

"ఇంకెంత బావా?"

"ఇదిగో, ఈ మలుపు దాటితే."

మలుపు తరవాత ఇంకో మలుపు. ఎండ ఎర్రబడింది. పిల్లికూతలు సైకిలు చప్పుడును మించి వినిపించాయి. బామ్మర్ది దిగి, క్వారీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గోడని చేత్తో తడిమాడు.

"ఇది నాది కాదు బావా. రాతిగోడ."

"మాట్లాడకురా. ఊపిరి దాచుకో."

దర్జీ రోడ్డుకి అడ్డంపడి లారీ ఆపాడు. డ్రైవరూ అతనూ కలిసి ఎత్తేసరికే ఆ కుంగిన భుజం ఇంకా కిందికి వేలాడిపోయింది.

కంకర మీద రెండు సైకిళ్ళు, డ్రైవరు పక్కన ఇద్దరు మనుషులు, ఒకడికే ఊపిరి. ఇంటిముందు లారీ ఆగేసరికి మసక చీకటి. అక్క మందు పోసి మిషను ఆన్ చేసి ఉంచింది. ఎవరికోసమో అది గుర్రుమంటూ ఆవిరి వదులుతూనే ఉంది.

అందరూ వచ్చి, ఏడ్చి, వెళ్ళాక అక్క అడిగింది. "దారెలా కొలిచారు?"

"మడిచి."

ఇంకొకళ్ళకయితే అర్థమయ్యేది కాదు. అదే బల్ల పక్కన బతుకంతా గుండీలు కుట్టిన మనిషి ఆమె.

"వాడి చొక్కా ఏనాడైనా మడిచి కత్తిరించారా?"

ఆమె లేచి, అప్పటిదాకా గోడ ప్లగ్గులో పెట్టే ఉన్న మిషను తీగని లాగేసింది. తరవాత ఇద్దరూ ఒకే గదిలో పనిచేశారు, పక్కపక్క పీటల మీద కూర్చుని తిన్నారు. పళ్ళ మధ్య దారం పెట్టుకుని ఆమె మళ్ళీ నవ్వింది మాత్రం లేదు. అతను ఎవరి గుడ్డా మడవడం మానేశాడు. చిన్నపిల్లల గౌను కూడా రెండు పక్కలూ వేరువేరుగా కొలుస్తుంటే, కుట్టించుకునేవాళ్ళు విసిగిపోయి ఒక్కొక్కళ్ళే వేరే కొట్టు చూసుకున్నారు.

ఇదమ్మా సంగతి. గుర్తుంచుకో. నీ తరవాతివాళ్ళకీ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం, గోడలు తట్టుకుంటూ నవ్విన సగం చెప్పేసి, మిగిలింది కూడా అంతేనని అనకు.