మూడోవాణ్ణి ముందు పెట్టారు

నేను ఒక మరలు కోసే ట్యాపును. బోల్టు పట్టడానికి ఇనప బెజ్జంలో మెలికల దారి తీసే ఉక్కు ముక్కను. మేం ముగ్గురం అన్నదమ్ములం, ఒకే సంచిలో అమ్ముడుపోయాం. పెద్దవాడికి కొస దగ్గర పళ్లు ఉండీ లేనట్టుంటాయి. నడిపివాడికి కాస్త నయం. నాకు కొస దాకా నిండుగా ఉంటాయి. ఎందుకలా చేశారో నాకెవరూ చెప్పలేదు.

మమ్మల్ని కొన్నవాడు కోటిలింగం. అతని పాత కారు ఆయిల్ ఛాంబరు కింద బోల్టు పట్టే మరలు అరిగిపోయి, ఆయిలంతా వాకిట్లో కారిపోయింది. మెకానిక్కు సోమవారం దాకా రానన్నాడు. భార్య సామ్రాజ్యానికి శుక్రవారం డయాలసిస్. కిందటిసారి బస్సులో తెస్తుంటే సొమ్మసిల్లి పడిపోయింది. అందుకని గురువారం పొద్దున్నే నరసరావుపేట పోయి, కాస్త లావు బోల్టునూ, దానికి సరిపడా మమ్మల్నీ తెచ్చుకున్నాడు.

సామ్రాజ్యం మాకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఆ బొట్టు ఆరకముందే పంపకాలు జరిగాయి.

"ఒక్క బెజ్జానికి మూడెందుకు పోలయ్యా? ట్రాక్టరున్నోడివి, నువ్వూ తీసుకో," అన్నాడు కోటిలింగం బావమరిదితో.

"ఈ రెండూ కొస అరిగినట్టున్నయ్ బావా. కొట్టోడు పాతయ్యి అంటగట్టాడు. మంచిది నువ్వుంచుకో, మా అక్క పని గదా," అని పోలయ్య మా అన్నలిద్దర్నీ జేబులో వేసుకుపోయాడు.

మంచివాళ్లే ఇద్దరూ. అయినా అన్నదమ్ముల్ని విడదీశారు, అదే నాకు అర్థం కాలేదు.

కారు కింద వెల్లకిలా పడుకుని కోటిలింగం నన్ను బెజ్జంలో పెట్టి తిప్పాడు. పట్టలేదు. మళ్లీ తిప్పాడు. ఒరిగిపోయాను. గ్రీజు పూశాడు, తిట్టాడు, దణ్ణం పెట్టాడు. ఇన్ని పళ్లుండీ ఎందుకు కొరకలేకపోతున్నానో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. మధ్యాహ్నం దాటింది.

మెట్టు మీద కూర్చుని చూస్తున్న సామ్రాజ్యం అంది: "ఏమయ్యా, దారం కొస నలిపి సన్నం చేస్తేనే గదా సూదిలో దూరేది? దీని కొస మొద్దు. మా తమ్ముడు పట్టుకుపోయినయ్యి అరిగినయ్యి గాదేమో."

"నీకు మెకానిక్కు పని గూడా వచ్చా?"

"రాదు గాబట్టే అడుగుతున్నా. వాడికి ఫోన్ చెయ్యి."

పోలయ్య పరుగున వచ్చాడు. "ఒకదాన్ని ట్రాక్టరు తొట్టి తలుపుకి చీలగా కొట్టా బావా, పీక్కొచ్చా," అన్నాడు నసుగుతూ.

పెద్దవాడు మెల్లగా దిగాడు. నడిపివాడు లోతు చేశాడు. ఆఖర్న నేను వెళ్లాను. పొద్దుటినుంచి నన్ను నెట్టేసిన ఇనుమే కిమ్మనకుండా దారిచ్చింది. బోల్టు బిగిసింది. ఆయిలు పోసి కింద పేపరు పరిచారు. సాయంత్రం దాకా చూసినా చుక్క పడలేదు.

పోలయ్య అన్నలిద్దర్నీ అరుగు మీద పెట్టబోతే కోటిలింగం చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇచ్చింది వెనక్కి తీసుకుంటే ఏం బాగుంటది!" వాళ్లు మళ్లీ జేబులోకి పోయారు.

నేను కిటికీలో, సామ్రాజ్యం మాత్రల డబ్బా పక్కన ఉన్నాను. వారానికి రెండుసార్లు కారు కదిలిన చప్పుడు వింటాను. ఆ చప్పుడులో నా వంతు ఎంతో అంతుబట్టదు. ఇంకోసారి మరలు అరిగితే కోటిలింగం మళ్లీ ముందు నన్నే తీస్తాడు, మంచిదాన్నని. ఆ రోజు సామ్రాజ్యం మెట్టు మీద కూర్చుని ఉంటే చాలు.