అడ్డు పిన్ను దాటిన ముల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: వంటింట్లోంచి కదలకుండానే ఇల్లంతా నడిపించే నానమ్మ, ఇంటి వెనక షెడ్డులో కార్లు బాగుచేసే బాబాయి, పని కంటే కబుర్లు ఎక్కువ చెప్పే అన్నయ్య, ఈ ముగ్గురికీ తలూపడమే తప్ప నోరు విప్పని పిల్ల. అందరూ ఆమెను మూగపిట్ట అనేవారు.

షెడ్డులో ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది. దాని డ్యాష్‌బోర్డులోంచి మీటర్ల డబ్బా ఊడదీసి బల్ల మీద పెట్టారు. వెలిసిపోయిన, అంకెలున్న నల్ల ముఖాలు తీసి తెల్లవి అతికించాలి. ఇలాంటి పని పెట్టుకున్నప్పుడల్లా బాబాయి "దుమ్ము పడుతుంది" అంటూ మూగపిట్ట మొహం మీదే తలుపు వేసేవాడు. ఈసారి స్పీడు మీటరు సన్నటి ముల్లు ఆయన లావు వేళ్ళకు చిక్కలేదు.

"నువ్వు రావే. ఇది నీ పని. సరిగ్గా కుదిరిందా, రేపట్నుంచి బడి అయ్యాక ఇక్కడే. లేదంటే నానమ్మ దగ్గర కూరగాయలు తరుక్కో."

"నానమ్మా, కత్తి నూరి పెట్టు!" అని అన్నయ్య కేకేశాడు.

మూగపిట్ట వంటింట్లోంచి రెండు చెంచాలు తెచ్చింది. సున్నా దగ్గర ముల్లు, దాన్ని కిందికి పోనివ్వని అడ్డు పిన్నుకు ఆనుకుని ఉంది. ఆ చోటు గుర్తుపెట్టుకుని, ముల్లుకు రెండువైపులా చెంచాలు దూర్చి మెల్లగా పైకి లేపింది. కొత్త ముఖం ముడత పడకుండా అతికించి, ముల్లును మళ్ళీ పిన్నుకు ఆనించి నొక్కింది.

"పర్లేదే, పిట్ట బాగానే కట్టింది గూడు" అన్నాడు బాబాయి.

పక్కనున్న ఇంజను మీటరు ముల్లు కాస్త పెద్దది. దాన్ని ఆయనే తీశాడు. తీసేముందు పిన్ను మీదుగా దాటించి వదిలాడు. అది ఇంకాస్త కిందికి వాలి ఆగింది. అక్కడ పెన్సిలుతో గీత గీశాడు.

మూగపిట్ట ఆ గీత కేసి, తన ముల్లు కేసి చూసింది. ముల్లు అసలు చోటు పిన్నుకు దిగువన. అడ్డుపడి ఆగినచోటే దాని చోటనుకుంది తను. మీటర్ల మీద గ్లాసు బిగించేస్తే ఈ పూటకి ఎవరికీ తెలియదు. అన్నయ్య గ్లాసు అందుకుంటున్నాడు.

"బాబాయ్, నా ముల్లు తప్పు. నేను దాటించలేదు. అరవైలో పోతుంటే డెబ్భై చూపిస్తుంది."

"మంచిదేగా, కారాయనకి కావలసిందదే!" అన్నాడు అన్నయ్య. "నానమ్మా, మూగపిట్ట మాట్లాడింది!"

బాబాయి నవ్వలేదు. గ్లాసు లాక్కుని పక్కన పెట్టాడు. ఆమె చెంచాలు తీసుకుని వంటింటి వైపు తిరిగింది.

"అవి అక్కడే ఉంచు. ఆ మూల ఇదే రకం కారు పాత మీటరుంది. దాని ముల్లు పిన్ను దాటి ఎంత దిగుతుందో చూసి, నీది పీకి మళ్ళీ పెట్టు."

బాబాయి అన్నయ్య రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

"నన్నెందుకు బాబాయ్?"

"దుమ్ము పడుతుంది" అని, ఆమెను లోపలే ఉంచి తలుపు వేశాడు.