పదకొండు గ్లాసుల వాన

వానక్కకి యాభై రెండేళ్లు. ఊరి చివర ఉన్న చిన్న వాతావరణ కేంద్రంలో రోజూ పొద్దున్నే వాన కొలిచి, అంకెను రిజిస్టరులో ఎక్కించి పై ఆఫీసుకు పంపడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా అదే పని చేస్తోంది గనుక ఊరంతా వానక్క అనే పిలుస్తారు, అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలిపోయింది. అలాంటి మనిషిని మూడు రోజుల కంప్యూటర్ శిక్షణకు రమ్మని ఉత్తరం వచ్చింది. వాతావరణ మోడళ్లు లెక్కకట్టే వాన, గాలి, వేడి వివరాలను ప్రోగ్రాం రాసి తెరవడం, వాటిని పటాలుగా గీయడం అక్కడ నేర్పుతారట. ఈ వయసులో ఓనమాలు దిద్దాలా అని ఆమె సణిగితే, వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు ఫోన్లోనే నచ్చజెప్పి బస్సెక్కించింది.

హాల్లో ఇరవై కంప్యూటర్లున్నాయి. పాఠం చెప్పే అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. మొదటి రోజంతా వానక్క ఒక్క వేలితోనే టైపు చేసింది. ఒక బ్రాకెట్ మర్చిపోయినందుకు తెర నిండా ఎర్ర అక్షరాలు పరుచుకునేసరికి, యంత్రమే పాడైపోయిందేమోనని చేతులు వెనక్కి తీసుకుంది. పాఠం చెప్పే అమ్మాయి వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అది తిట్టు కాదని, ఎక్కడ తప్పిందో చెబుతోందని, చివరి వరుస ఒక్కటి చదివితే చాలని చెప్పింది. సాయంత్రానికి వానక్క తనంతట తానే ఒక ఫైలు తెరిచింది.

రెండో రోజు, ఎవరి కేంద్రం పాత రికార్డు వాళ్లు తెరిచి, తమకు గుర్తున్న ఒక రోజు వాన చూడమన్నారు. తక్కినవాళ్లు ఆలోచిస్తుండగానే వానక్క ఇరవై రెండేళ్ల నాటి తేదీ ఒకటి కొట్టేసింది. తెర మీద అంకె రాలేదు. మూడు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. కూడబలుక్కుని చదివితే 'నాన్' అని ఉంది.

అంకె లేనిచోట అలా వస్తుందని పాఠం చెప్పే అమ్మాయి చెప్పింది.

"లేకపోవడమేంటమ్మా? రెండు వందల పన్నెండు మిల్లీమీటర్లు. మా ఆయన కొలిచారు. పక్కనే నేనున్నాను," అంది వానక్క.

అప్పుడా ఉద్యోగం ఆమె భర్తది. ఆ పొద్దున వాన వెలిసేసరికి వాన కొలిచే రెయిన్ గేజ్ దాదాపు నిండిపోయి ఉంది. ఆయన చీలమండల లోతు నీళ్లలో నిలబడి కొలగ్లాసుతో కొలుస్తుంటే, ఏడాది పిల్లను చంకనేసుకుని ఆమె గట్టున నిలబడి లెక్కపెట్టింది. ఇరవై మిల్లీమీటర్ల గ్లాసులు పది, పదకొండోది పన్నెండు గీతల వరకు. వారం తిరక్కుండానే పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, కాకిలెక్కలు పంపవద్దని. ఆయన ఎదురు చెప్పలేదు. మర్నాటి నుంచి మాత్రం ఏ రోజూ ఒంటరిగా కొలవలేదు. "ఏమేవ్, నువ్వూ ఒకసారి చూడు," అని పిలిచేవాడు. అలా చూసి చూసి ఆమెకు పని వచ్చేసింది. నాలుగేళ్లకు ఆయన జ్వరంతో పోతే, ఆఫీసువాళ్లు ఆ పని ఆమెకే ఇచ్చారు.

పాఠం చెప్పే అమ్మాయి అంతా విని, చుట్టుపక్కల కేంద్రాల రికార్డులు తెరిచి చూసింది.

"చుట్టుపక్కల కేంద్రాల్లో ఆ రోజు పది, పన్నెండు మిల్లీమీటర్లేనమ్మా. మీ ఒక్కచోటే ఇంత ఉండేసరికి, రాసినవాళ్లు పొరబడ్డారనుకుని రికార్డులు చూసేవాళ్లు తీసేసుంటారు. మోడల్‌తో సరిచూసినా తెలిసేది కాదు. అది నేలనంతా గడులుగా విడగొట్టి లెక్కకడుతుంది, అప్పట్లో ఒక్కో గడిలో ఎన్నో ఊళ్లు కలిసిపోయేవి. చిన్న మబ్బు దానికి కనిపించేది కాదు. ఇప్పుడు ఆ పాత రోజుల్నే రెండేసి కిలోమీటర్ల గడులతో మళ్లీ లెక్కకట్టారు. రేపు అది తెరుద్దాం. మీరే తెరవాలి."

ఆ సాయంత్రం కూతురికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. కూతురు, "అయితే నాన్నను తీసేసి, నాన్ అని పెట్టారన్నమాట," అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

మూడో రోజు వానక్క తొమ్మిది వరుసలు రాసింది. రెండుసార్లు ఎర్ర అక్షరాలొచ్చాయి. రెండుసార్లూ చివరి వరుస చదివి తనే దిద్దుకుంది. పటం మెల్లగా పరుచుకుంది. చుట్టూ వెలిసిపోయిన రంగు, నడుమ తమ కేంద్రం మీద గోరంత ముదురు నీలం మచ్చ. ఆ గడిలో నూట ఎనభై ఏడు మిల్లీమీటర్లు.

"మీ ఆయన కొలిచిన అంకె ఈ మోడల్‌కి ఎవరూ ఇవ్వలేదమ్మా," అంది పాఠం చెప్పే అమ్మాయి నెమ్మదిగా. "గాలినీ తేమనీ చూసి తనంతట తానే ఇంత దగ్గరగా లెక్కకట్టింది."

వానక్క తల ఊపింది. చూపుడువేలితో ఆ నీలం మచ్చను ముట్టుకుని, తెర మీద మరక పడిందని కొంగుతో తుడిచింది. ఆమె కళ్లు తుడుచుకునేదాకా పాఠం చెప్పే అమ్మాయి పక్క కంప్యూటరులో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగి కూర్చుంది.

ఊరెళ్లాక వానక్క పాత రిజిస్టరు తీసి ఆ పేజీని ఫోటో తీసి పాఠం చెప్పే అమ్మాయికి పంపింది. పేజీ అంచున గ్లాసుకొకటిగా ఆయన గీసిన పదకొండు నిలువు గీతలు ఇంకా చెరిగిపోలేదు. ఆ ఫోటోను, పటాన్ని కలిపి పాఠం చెప్పే అమ్మాయి రికార్డులు చూసేవాళ్లకు రాసింది. వాళ్లు అడిగిన వివరాలన్నిటికీ వానక్క ఓపిగ్గా జవాబిచ్చింది. రెండున్నర నెలలకు జవాబు వచ్చింది. ఆ తేదీకి రెండు వందల పన్నెండును తిరిగి చేర్చామని రెండే వాక్యాలు.

వానక్క వాటిని ఫోన్లో కూతురికి చదివి వినిపించింది.

"అమ్మా, నాన్న గొంతు నాకు గుర్తులేదు," అంది కూతురు. "ఎలా ఉండేది?"

ఇన్నేళ్లలో ఆ పిల్ల తండ్రి గురించి తనంతట తాను అడగడం అదే మొదటిసారి. వానక్క కుర్చీ వరండాలోకి లాక్కుని కూర్చుంది.

"కొంచెం బొంగురుగా ఉండేదే," అంటూ చెప్పడం మొదలుపెట్టింది.